భయానికి ఒక ఊరుండాలి

మంచి క్రైం నవల ఒకటి చెప్పమని ఎవరైనా అడిగితే మనలో చాలామంది నోటికి ఇప్పటికీ వచ్చేవి నలభై, యాభై ఏళ్ల కిందటి పేర్లే. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు షాడో, యండమూరి తులసిదళం. వాళ్లంటే నాకు గౌరవం. పుస్తకాలు అద్దెకిచ్చే షాపుల ముందు జనాన్ని నిలబెట్టింది వాళ్లే, ఇంట్లో ఎవరూ చదవని కుటుంబాల్లో కూడా ఒకరికో ఇద్దరికో చదివే అలవాటు చేసింది వాళ్లే. కానీ ఆ జాబితా అక్కడే ఎందుకు ఆగిపోవాలి? ఇప్పుడు రాసేవాళ్లు లేరా? ఉన్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు వైపు నాకు తెలిసినవాళ్లలోనే నేరం మీదా భయం మీదా గట్టిగా రాస్తున్నవాళ్లున్నారు. వాళ్ల గురించి ఎవరూ చెప్పడం లేదు. ముఖ్యంగా, తోటి రచయితలం మనం చెప్పడం లేదు.

నేనూ కథలు రాస్తాను కాబట్టి ఈ మాట లోపలి నుంచే అంటున్నాను. ఒక మిత్రుడు కవితా సంపుటి వేస్తే ఆవిష్కరణ సభకు పోతాం, నాలుగు మాటలు మాట్లాడతాం, పత్రికకు సమీక్ష రాసిస్తాం. అదే మిత్రుడు దయ్యం కథ రాస్తే "బాగుందన్నా, టైంపాస్ అయింది" అని వాట్సాప్‌లో ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటాం. క్రైం అంటే తక్కువరకం, హారర్ అంటే పిల్లల భయం అన్న లెక్క మన సాహిత్య సభల్లో పాతుకుపోయింది. ఈ లెక్క తప్పు. దక్షిణ తెలంగాణలో గత యాభై ఏళ్లలో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే నేర కథను మించిన దారి నాకు కనిపించడం లేదు. ఇక్కడ నీళ్లలో మునిగిన ఊళ్లున్నాయి, కాగితాల మీద చచ్చిపోయిన మనుషులున్నారు, నిధి ఆశకు ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు, ఒక్క పుకారుతో ఊరికి దూరమైన ఆడవాళ్లున్నారు. ఇవన్నీ నేరాలే, ఇవన్నీ భయాలే.

నిధి మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తు చేస్తాను. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూలు పోలీసులు ఒక నాటువైద్యుణ్ణి అరెస్టు చేశారు. గుప్తనిధులు తీసిస్తానని నమ్మించి, డబ్బూ భూమీ రాయించుకుని, చివరికి పూజ పేరుతో విషం ఇచ్చి 11 మందిని చంపాడన్నది కేసు. పేపర్లు కొన్నాళ్లు రాశాయి, టీవీలు ఒక వారం అరిచాయి, అయిపోయింది. అన్ని చావులు జరుగుతూ ఉంటే ఎవరికీ ఎందుకు అనుమానం రాలేదు? పోయినవాళ్లు ఇంట్లో చెప్పకుండా ఎందుకు పోయారు? ఏ అప్పు, ఏ అవమానం మనిషిని అర్ధరాత్రి గుట్టల్లోకి తీసుకుపోతుంది? ఈ ప్రశ్నలు వార్తకు అక్కర్లేదు, చార్జిషీటుకు అసలే అక్కర్లేదు. నవలకు మాత్రం ఇవే కావాలి. రాచకొండ మీద, దేవరకొండ కోటలో, పాత శివాలయాల్లో నంది కింద తవ్విన గుంతలు చూసినవాళ్లు మా వైపు ప్రతి ఊళ్లో ఉంటారు. ఆ గుంతలు తవ్వినవాళ్ల మీద నవల రాసినవాళ్లు ఎంతమంది?

ఇక నేను చెప్పదలచుకున్న మూడు రచనల సంగతి. పేర్లు రాయడం లేదు. రెండు పోటీలకు పోయాయి, ఫలితం వచ్చేదాకా ఎవరు రాశారో బయటపెట్టకూడదని నియమం. మిగిలినది రాసినామె ప్రభుత్వ ఉద్యోగి, పైనుంచి అనుమతి రావాలి. అయినా ఆగలేక రాస్తున్నాను, ఎందుకంటే అచ్చయ్యాక రాసే మెప్పుకోలు కంటే ముందే నాలుగు చెవుల్లో పడిన మాటకు విలువ ఎక్కువ.

మొదటిది కృష్ణ ముంపు మీద రాసిన పెద్ద కథ. రాసినాయన అచ్చంపేట వైపు పంతులు. శ్రీశైలం జలాశయం నిండే ముందు, 1981లో, కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు ఖాళీ చేయించిన సంగతి మా పెద్దవాళ్లకు నిన్నటి ముచ్చట. కొల్లాపూర్, సోమశిల వైపు పోతే ఆ మాటలు ఇప్పటికీ వినిపిస్తాయి. నది ఎండాకాలం వెనక్కి తగ్గినప్పుడు పాత గోడలూ గుడి రాళ్లూ బయటపడతాయి. కథలో ఒక కుటుంబం ప్రతి ఏడూ మే నెలలో తమ ఇంటి జాగ కాడికి పోయి దీపం పెట్టి, అక్కడే వండుకుని తిని వస్తుంది. ఒక ఏడు విస్తళ్లు వేసేటప్పుడు ఒక మనిషి ఎక్కువ కనిపిస్తాడు. ఆ ముసలాయన ఎవరినీ పట్టడు, అరవడు, రక్తం కక్కించడు. నష్టపరిహారం లిస్టు చదవమని అడుగుతాడు, అంతే. "నా పేరుందా బిడ్డా, సక్కగ సూడు" అంటాడు. ప్రతి ఏడూ అదే అడుగుతాడు. లిస్టు ఎవరి దగ్గరా లేదు. ఆ కుటుంబంలో చదువుకున్న పిల్ల ఒకతి ఆ లిస్టు కోసం ఆఫీసుల చుట్టూ తిరగడం మొదలుపెట్టాక కథ ఇంకా భయపెడుతుంది, ఎందుకంటే పాత రికార్డు గదిలో ఆమెకు దొరికిన కాగితంలో ఆ పేరు ఉంటుంది, పేరు ఎదురుగా వేలిముద్ర కూడా ఉంటుంది. అంటే డబ్బు ఎవరో తీసుకున్నారు. ఆ వేలు ఎవరిది?

నేను చదివిన దయ్యాల కథల్లో దయ్యం మీద ఇంత జాలి కలిగింది ఇక్కడే. దయ్యం కథలోంచి ఏ మాటా చెప్పకుండా నేర కథ పుట్టుకొస్తుంది. ఒక లోపం ఉంది, అది కూడా చెప్పాలి. చివరి రెండు పేజీల్లో రచయిత పంతులైపోతాడు. ప్రాజెక్టులు, నిర్వాసితులు, ప్రభుత్వం అని పాఠం చెబుతాడు. అవి తీసేయమని నేను గట్టిగా అడిగాను, ఆయన ఒప్పుకోలేదు. అచ్చులో అవి ఉంటే మీరు ఆ రెండు పేజీలు వదిలి చదవండి, కథకు ఏమీ తగ్గదు. (నల్లగొండ వైపు ఏలేశ్వరం కూడా ఇట్లనే నాగార్జునసాగర్ నీళ్లలో పోయింది. ఆ ఊరి మీద ఎవరన్నా రాస్తే చదవాలని నాకు చాలా కోరిక.)

రెండోది నవల. దీని గురించే ఎక్కువ మాట్లాడాలి, ఎందుకంటే హారర్ మీద మనవాళ్లు వేసే పెద్ద అభ్యంతరానికి జవాబు ఇందులో ఉంది. దయ్యాలు, చేతబడులు రాస్తే మూఢనమ్మకాలు పెరుగుతాయి అంటారు. తేలిగ్గా తీసిపారేసే మాట కాదిది. తెలంగాణలో మంత్రాలు చేస్తున్నారన్న నెపంతో మనుషుల్ని కొట్టడం, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టడం, చంపడం జరిగాయి, ఇప్పటికీ అలాంటి వార్తలు వస్తూనే ఉన్నాయి. ఇట్లాంటి నేల మీద కూర్చుని "ఆ ముసలామె నిజంగానే మంత్రగత్తె" అని తేల్చే కథ రాయడం నా దృష్టిలో బాధ్యత లేని పని. ఫోన్లో వినే ఆడియో కథల్లో ఇది రోజూ జరుగుతోంది. విలన్ ఎప్పుడూ ఊరి చివర ఒంటరిగా ఉండే ఆడమనిషే, ఆమె ఇంట్లో ఎప్పుడూ పుర్రె ఉంటుంది, నిమ్మకాయలుంటాయి. విన్న పిల్లవాడు రేపు తన ఊళ్లో ఒంటరి ముసలామెను ఏ కళ్లతో చూస్తాడో ఆ రాసినవాళ్లు ఒక్క నిమిషం ఆలోచించారా?

ఈ నవల ఆ పని చేయదు. దేవరకొండ దగ్గరి ఊరు. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు వారం తేడాలో చనిపోతారు. మూడో వారానికి ఊరంతా ఒకే పేరు చెబుతుంది. నవల మొదటి పేజీకే ఆ పేరున్న ఆమె చనిపోయి ఉంటుంది. విచారణకు వచ్చిన మహిళా హెడ్ కానిస్టేబుల్ "ఎవరు చంపారు" అని అడగదు, ఎందుకంటే చంపింది ఎవరో ఊరందరికీ తెలుసు, చెప్పరు. ఆమె అడిగేది ఇంకోటి: "ఆమె మంత్రాలు చేస్తదని నీకు ముందుగాల ఎవరు చెప్పిండ్రు?" ప్రతి మనిషీ ఇంకో మనిషి పేరు చెబుతాడు. ఆ గొలుసు పట్టుకుని ఆమె వెనక్కి, వెనక్కి పోతుంది. కల్లు కాంపౌండు, రేషన్ షాపు, బీడీలు చుట్టే అరుగు, సంఘం మీటింగు. పాఠకుడికి ఊపిరాడనిది ఆ మీటింగు రాత్రి. అందులో దయ్యం లేదు. మనకు తెలిసిన మనుషులే ఉంటారు, చాయ్ తాగుతుంటారు, ఒకతను బిడ్డ ఫీజు గురించి మాట్లాడుతుంటాడు, ఆ మాటల మధ్యలోనే నిర్ణయం అయిపోతుంది. ఎవరు నిర్ణయించారో చెప్పమంటే చెప్పలేం. ఇది చదివిన ఇంకో మిత్రుడు నాకు ఫోన్ చేసి, "అన్నా, గా మీటింగు రాత్రి చదివినంక నాకు నిద్ర పట్టలే, మా ఊరోళ్ల మొకాలే కండ్లల్ల మెదులుతున్నయ్" అన్నాడు. హారర్ చేయాల్సిన పని ఇదే అని నేను నమ్ముతాను.

రాసినామె పోలీసు శాఖలోనే పనిచేస్తుంది కాబట్టి స్టేషన్ లోపలి సంగతులు చాలా నిక్కంగా ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, హత్యకు 302 సెక్షన్ పోయి 103 వచ్చింది. మనవాళ్ల కథల్లో ఇన్‌స్పెక్టర్లు మాత్రం ఇంకా 302 కిందే బుక్ చేస్తున్నారు. ఈమె కథలో స్టేషన్‌లో కేసు కాగితాలు రాసే ఒక ముసలి రైటర్ అలవాటుగా 302 అని రాసి, కొట్టేసి, 103 అని దిద్దుతాడు, ఆ ఒక్క వాక్యంతో ఆ మనిషి సర్వీసంతా కనిపిస్తుంది. ఇంకో చోట, శవం సాయంత్రం ఆస్పత్రికి చేరుతుంది, పోస్టుమార్టం తెల్లారేదాకా కాదు. 2021 నవంబరులో కేంద్రం రాత్రిపూట కూడా పోస్టుమార్టం చేయొచ్చని మార్పు తెచ్చినా, హత్యలు, ఆత్మహత్యలు, అనుమానాస్పద చావులకు మామూలుగా అది వర్తించదు. ఆ రాత్రంతా మార్చురీ బయట చెట్టు కింద కూర్చున్నవాళ్ల మాటలు ఈ నవలలో పన్నెండు పేజీలు. ఎక్కడా బిగింపు సడలదు. పద్ధతి తెలిసిన రచయితకు పద్ధతే కథ ఇస్తుంది.

లోపం: పాత్రలు ఎక్కువ. యాదమ్మ, యాదగిరి, యాదయ్య ముగ్గురూ ఉన్నారు, మా వైపు ఊళ్లలో నిజంగానే అట్లా ఉంటారు కానీ పాఠకుడు తికమకపడతాడు. ఇంకో మాట, పిల్లల చావు వర్ణనలు తట్టుకోలేనివాళ్లు ఈ నవల జోలికి పోవద్దు. ఆ మాట ముందే చెప్పడం సిఫారసు చేసేవాడి బాధ్యత.

మూడోది షాద్‌నగర్ వైపు మీసేవలో పనిచేసే కుర్రవాడు రాస్తున్న సీరియల్, సగం దాకా చదివాను. హైదరాబాద్ పెరిగి పెరిగి ఆ వైపు వచ్చేసింది, వెంచర్లు వచ్చాయి, ఎకరం రేటు విని మనుషులు మారిపోయారు. కథానాయకుడు మీసేవ ఆపరేటర్. ఒక రోజు కౌంటర్ మీదికి వచ్చిన మరణ ధృవీకరణ పత్రంలో తన చిన్ననాటి దోస్తు పేరు చూస్తాడు. ఆ దోస్తు భివండీలో పని చేస్తున్నాడు, పది రోజుల కిందటే ఫోన్లో మాట్లాడాడు. ఫోన్ ఇప్పుడు మోగదు. అతను నిజంగానే చనిపోయాడా, లేక భూమి కోసం కాగితం మీద చంపారా, లేక కాగితాన్ని నిజం చేయడానికి ఎవరన్నా బయలుదేరారా? మూడో ప్రశ్న దగ్గర నాకు ఒళ్లు జలదరించింది.

ఇందులో సాదాబైనామా ఉంది. తెల్లకాగితం మీద రాసుకుని, రిజిస్ట్రేషన్ లేకుండా, నమ్మకం మీద కొన్న భూమి. 2020 అక్టోబరులో భూముల రికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక, 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చాక, ఆ కాగితాలు ఉన్నవాళ్ల గుండెల్లో ఎంత దడ ఉందో మా వైపు తెలియని ఇల్లు లేదు. పాలమూరు వలస, కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, ఆ అడ్వాన్సుకు భయపడి తప్పిపోయిన మనిషి మీద కంప్లైంటు కూడా ఇవ్వని ఇల్లాలు, ఇవన్నీ ఈ కథలో కుట్రకు కీలకమైన ముడులు. సానుభూతి కోసం పెట్టిన బొమ్మలు కావు. మిస్సింగ్ కేసు పెడితే మేస్త్రీ అప్పు అడుగుతాడు, పెట్టకపోతే మొగుడి ఆచూకీ లేదు. ఇంతకు మించిన సస్పెన్సు ఏ విదేశీ నవలలో ఉంటుంది?

ఈ అబ్బాయికి నేను చెప్పింది ఒకటే. ముగింపులో సీఐ నాలుగు తగిలిస్తే నేరస్థుడు అంతా ఒప్పేసుకునేలా ప్లాన్ చేశాడు. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలోనూ అంతే, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. అది తెలిసిన పాఠకుడికి ఆ ముగింపు తేలిపోతుంది. తెలియని పాఠకుడికి కొట్టడమే న్యాయమని నేర్పుతుంది, అది ఇంకా పెద్ద నష్టం. అతను మళ్లీ రాస్తున్నాడు. వేగం మాత్రం అద్భుతం, ప్రతి భాగమూ సరిగ్గా ఆగకూడని చోటే ఆగుతుంది.

కల్తీ కల్లు మీద కూడా ఎవరన్నా రాయాలి. అల్ప్రాజోలం, డైజిపామ్ కలిపిన కల్లుకు అలవాటుపడిన మనిషికి అది ఒక్కసారి ఆగిపోతే వణుకు, మూర్ఛ, మతి తప్పిన మాటలు వస్తాయి. ఊళ్లో అది చూసి గాలి సోకిందంటారు, భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. ఆస్పత్రికీ భూతవైద్యుడికీ మధ్య నలిగిన ఒక్క రాత్రి చాలు, నవలకు.

ఒక విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. మన దయ్యానికి కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పటి నుంచి విన్నాం, ఆ అలవాటులో రచయితలు వంకర కాళ్లు, వంగిన నడుము, కుంటి నడక అన్నీ భయపెట్టడానికి వాడేస్తారు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషులు మన పక్కనే బతికారు, బతుకుతున్నారు. నల్లగొండ గడ్డ మీద పుట్టినవాళ్లు ఆ దేహాన్ని దయ్యానికి తొడిగితే నేను ఆ కథను ఎవరికీ చెప్పను, ఎంత బాగా రాసినా. భయం ఆ నీళ్లలో ఉంది, తెలిసీ ఏళ్లకు ఏళ్లు తాగించడంలో ఉంది. అట్లాగే 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో ఆస్పత్రి బయట పట్టపగలు జరిగిన పరువు హత్య, 2019లో హాజీపూర్ బావుల్లో దొరికిన ఆడపిల్లల శవాలు, 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి లోపలే చిక్కుకుపోయిన 8 మంది. ఇవి కథలకు ముడిసరుకు అని చేతులు రుద్దుకునే రచయితలను చూశాను. వాళ్ల ఇళ్లవాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లు చదివితే ఏమనుకుంటారో ఆలోచించి రాసిన కథకే నా ఓటు.

ముడి విప్పేస్తే క్రైం కథలో ఇంక ఏముంటుంది, రెండోసారి ఎవరు చదువుతారు అని అడిగేవాళ్లను నేను నల్లగొండ పక్కనున్న పానగల్లుకు తీసుకుపోతాను. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పొద్దంతా ఒకే చోట నిలబడి ఉంటుంది. ఏ ఒక్క స్తంభం నీడా కాదది, బయటి స్తంభాల మధ్య నుంచి లోపలికి వచ్చే వెలుగు అమరిక వల్ల అలా పడుతుందని వివరణ వచ్చింది. వచ్చాక జనం తగ్గారా? ఇంకా పెరిగారు, ఇప్పుడు ఆ వెలుగు దారి కూడా చూడాలని వస్తున్నారు. మంచి నేర కథను రెండోసారి చదవడం అట్లాంటిదే, కట్టినవాడి లెక్క చూడ్డానికి.

స్నేహితుల రచనలను స్నేహితులే పొగిడితే ఎవరు నమ్ముతారు అన్న ప్రశ్న మిగిలింది. "అద్భుతం, తప్పక చదవండి" అని రాస్తే ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. కథ ఎక్కడ జరుగుతుంది, ఏ భయం మీద నిలబడింది, ఎక్కడ జారింది, ఎవరు చదవకూడదు, ఇవి రాయండి. ముడి మాత్రం విప్పకండి. లోపం రాస్తే మిత్రుడికి కోపం వస్తుంది, రానివ్వండి, అచ్చంపేట పంతులుకు నా మీద ఇప్పటికీ కోపమే, అయినా కొత్త కథ రాయగానే ముందు నాకే పంపుతాడు.

పాఠకులను ఒకటి అడుగుతాను. మనం కట్టే ఇంటి పన్నులో గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు ఉంది. జిల్లా గ్రంథాలయానికి పోయినప్పుడు ఉద్యోగ పరీక్షల గైడ్ల అర దాటి లోపలికి పోయి, మన జిల్లా రచయితల కొత్త నేర నవలలు ఉన్నాయా అని అడగండి. లేవంటే తెప్పించమని కాగితం మీద రాసివ్వండి. నేను చెప్పిన రెండు కథల పోటీ ఫలితాలు రాగానే, ఆమెకు అనుమతి రాగానే, ఆ కాగితం మీద ఏ పేర్లు రాయాలో ఇక్కడే చెబుతాను. ఈలోపు మీ వైపు ఎవరన్నా రాస్తుంటే, గద్వాల అయినా హుజూర్‌నగర్ అయినా, నాకు పంపండి. చదివి, ఉన్నదున్నట్టు రాస్తాను.